నలభై ఏడు రోజులకు తరుగు

పోయినవి ముందు రాస్తాను. తమ్ముడి కుడి చెవి. పుంగనూరులో కుదువ పెట్టి విడిపించుకోలేకపోయిన మరదలి కమ్మలు, ఒక జత. కుప్పం నుంచి చెన్నైకి ఆరుసార్లు పోయి వచ్చిన రైలు ఛార్జీలు, ఆ ఆరు రోజుల నా కూలి. ఇంకొకటి, నా లెక్క తప్పదని ఇంట్లో వాళ్లకున్న నమ్మకం.

తమ్ముడు ప్రభుత్వ సరుకుల ఓడలో ఇంజను గదిలో పని చేసేవాడు. యూనిఫారం లేని కాంట్రాక్టు మనిషి. యుద్ధం జరిగే సముద్రంలో ఆ ఓడ నలభై ఏడు రోజులు తిరిగింది. ఒకరోజు పక్కనే పేలుడు జరిగి అతని చెవి దెబ్బతింది. అదే ఓడలోని సైనికులకు ప్రమాద భత్యం ఆ నెలలోనే అందింది. కాంట్రాక్టు వాళ్లకూ ఆ రోజులకు రెట్టింపు జీతమని ఒప్పందంలో ఉంది, కానీ అర్జీ పెట్టుకోవాలి. రోజుకు ఆరు వందల లెక్కన అదనంగా రావాల్సింది ఇరవై ఎనిమిది వేల రెండు వందలు. మదనపల్లె డాక్టరు ఆపరేషనుకు ఇరవై ఆరు వేలు అడిగాడు. నెల దాటితే వినికిడి రాదన్నాడు. చెవి వినపడనివాణ్ణి మళ్లీ ఓడ ఎక్కించుకోరు. కమ్మల మీద వచ్చింది మందులకే సరిపోయింది.

అర్జీ నేనే రాశాను. ఐదో తరగతితో చదువు ఆగినా, ఇరవై రెండేళ్లుగా టమోటా మండీలో లెక్కలు రాస్తున్నాను. మండీలో వంద పెట్టెలు దిగితే కుళ్లు కింద పది తరుగు తీసేసి తొంభై రాస్తాం. అలా రాస్తే పేచీ ఉండదు, డబ్బు ఆ పూటే చేతికొస్తుంది. ఆ అలవాటుతోనే నలభై ఏడులో ఐదు తీసి నలభై రెండు రాశాను.

మూడు వారాలకు ఇద్దరం చెన్నై ఆఫీసుకు పోయాం. కిటికీ వెనక గుమాస్తా కాగితం తిప్పి చూపించాడు. "ఓడ పుస్తకంలో నలభై ఏడు, మీ అర్జీలో నలభై రెండు. రెండూ కలవలేదు. తోసిపుచ్చారు." కొత్త అర్జీకి కెప్టెన్ సంతకం కావాలట. కెప్టెన్ సముద్రం మీద ఉన్నాడు.

కుప్పంలో రైలు దిగాక తమ్ముడు అడిగాడు.

"ఐదు దినాలు యాల కోసినావన్నా?"

"తరుగప్పా. తొందరగా ఇస్తారనుకుంటి."

"కుళ్లిపోయేదానికి నేనేమన్నా టమోటానా?" అని నవ్వాడు. నేనేదో సర్దిచెప్పబోయాను. "ఈపక్కకి రాన్నా, ఆపక్క ఇనపడదు."

నెల దాటిపోయింది. సంతకం నాలుగో ప్రయాణానికి దొరికింది. ఇప్పుడు తమ్ముడు మండీలో పెట్టెలు మోస్తున్నాడు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే ఎటు తిరగాలో అతనికి తెలియదు.

ఒక్క రోజు కూడా కోయకుండా కొత్త అర్జీ ఇచ్చి పదకొండు నెలలైంది. నేటికీ రావాల్సింది ఇరవై ఎనిమిది వేల రెండు వందలు.