నిలవెట్టి కొలిచిన పడక

యూసుఫ్ భాయి షెడ్డుల అడుగువెట్టంగనే కొత్త ప్లైవుడ్ వాసన ముక్కుకు తగిలింది. దాని ఎన్కనే రెగ్జిన్ వాసన, అంటుపెట్టే గమ్ము వాసన, ఒక మూలకు రంపంపొడి తడిసిన వాసన. కరీంనగర్ దాటి జగిత్యాల రోడ్డు మీద కొంచెం దూరం పోతే ఉంటది ఈ షెడ్డు. లోపట మా వ్యాను నిలవడ్డది. వ్యానంటే ఉత్త వ్యాను కాదు, క్యారవాన్. సీట్లన్ని పీకేసి, పొయ్యి, నీళ్ల ట్యాంకు, అలమార్లు, పడక పెట్టి, యాడ ఆపితే ఆడనే ఇల్లయ్యేటట్టు చేపిస్తున్నం. చేపిస్తున్నం అని నోటికి అలవాటుగ వస్తది గని, చేపిచ్చే మనిషి పోయిండు. మా ఆయన ఎండాకాలంల ఈ బండి కొన్నడు, వానలు మొదలుకాంగనే పోయిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంట కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు.

మా ఆయన శ్రీరాంపూర్ బొగ్గుబాయిల పనిచేసి రిటైరయినోడు. బతుకంత భూమి లోపట తిరిగిన, ఇగ భూమి మీద తిరుగుత అంటుండె. ఏ బండి తీసుకోవాల్నని హైదరాబాద్ దాంక పోయి చూసొచ్చిండు. ఇది ఎత్తు సాలది, అది ఘాట్ రోడ్డు ఎక్కది అని దినాం నా చెవులు కొరుకుతుండె. పడక మీద, సరిగ్గ తలకాయ వచ్చేకాడ, టాపుకు ఒక అద్దం కావాలన్నడు, పండుకుంటే ఆకాశం కనవడాల్నట. మొదలు జైనూర్ గుట్టలు, అటెన్క మహారాష్ట్ర, అటెన్క రోడ్డు యాడికి తీస్కపోతే ఆడికి. ఇప్పుడు అద్దం బిగిచ్చుడైంది. ఆకాశం కనవడుతుంది. వచ్చినోళ్లందరు నన్ను ఏడ్వుమంటున్నరు, ఏడిస్తే మనసు తేలికైతదట. నాకు ఏడుపు వస్తలే. తిమ్మిరెక్కిన కాలు లెక్క ఉన్నది పానం. గిచ్చినా తెలుస్తలే.

ఒక్క పడక ముచ్చటనే మిగిలింది. మా ఆయన ఎత్తు మనిషి, నేను ఆయన భుజం దాంక వస్త. ఆయన కొలతకే పెట్టాల్నా, నా ఎత్తు మందం తగ్గియ్యాల్నా అని యూసుఫ్ భాయి అడిగి అడిగి యాష్టకొచ్చిండు. తగ్గిస్తే ఆడ ఇంకో అలమార పడుతదట. రేపు చెప్త, రేపు చెప్త అని నేను జరుపుకుంట వచ్చిన. ఇయ్యాల చెప్పుదామని వస్తే, ఈ కట్టె వాసన నన్ను పట్టుకపోయి మా బాపు వాకిట్ల కూసోవెట్టింది.

మాది గోదారికి జర ఎడంగ ఉన్న ఊరు. మేం సంఘపోళ్లం. అంటే మా తాత కాలంల మిషనోళ్ల చేతుల బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలు. కొంత భూమి, ఒక జత ఎడ్లు, మట్టిగోడల గుడి, అంతే మా సంసారం. దీపావళి పోయి, మక్కలు ఇంటికొచ్చి, పొద్దుగాల మంచు పడుడు మొదలైనంక మా సంఘాల జాతర వస్తుండె. అడివిల వాగు ఒడ్డుకు చుట్టుపక్కల ఊర్లన్ని బండ్లు కట్టుకొని పోయి, బండ్లనే ఇండ్లు చేసుకొని ఆ వారమంత ఆడనే ఉంటుండె. జాతర ఇంక పక్షం ఉన్నదనంగనే ఇండ్లల్ల నూనె వాసన లేస్తది. సకినాలు, గరిజెలు, తొవ్వల తినేటందుకు బెల్లం పోసి పిసికిన మలీద ముద్దలు, డబ్బ నిండ ఎల్లిపాయ కారం. పిల్లలం ఎడ్ల కొమ్ములకు రంగులేసుడు, గజ్జెలు తోముడు. తెల్లారక ముందే బండ్లు వరుసకు నిలవడి, ముందటి బండిల ఎవలో ఒకలు డోలకు కొట్టి పాట ఎత్తుకుంటే, ఆఖరి బండి దాంక ఆ పాట పాకుకుంట పోతుండె. పొయ్యిల పొగ, వాగు నీళ్ల చల్లదనం, తడిసిన గడ్డి వాసన, పాస్టరయ్య ప్రసంగం నడుమ ఎడ్ల గంటలు, ఇదంత నాకు పండుగ.

నన్ను కన్న మా అవ్వకు మాత్రం పండుగ బందయింది. తమ్ముడు పుట్టినంక ఆమె కాళ్లల్ల సత్తువ పోయింది, నడుము వంగిపోయింది. నులక మంచమే ఆమె ఊరు. జాతర పాటలన్ని అవ్వకే వచ్చు, కొత్త పిల్లలకు ఆమెనే నేర్పేది, గని బండ్లు పోయేటప్పుడు ఆమె బాపమ్మతోని ఇంట్లనే ఉండేది. కుదుపుల బండిల కూసునుడు ఆమెతోని కాకపోతుండె. ఒక యేడు బండ్లు తిరిగొచ్చినంక, బాపు గజ్జెలు ఇప్పుతుంటే అవ్వ మంచం మీదికెల్లి అన్నది.

"నన్నొక్కసారి తీస్కపోరాదయ్యా. పండుకొనన్న వస్త."

బాపు గజ్జెలు ఇప్పుకుంటనే ఉన్నడు. గని ఆ మాట ఆయనకు దిగవడ్డది. ఆ యేడంత ఆయనకు వేరే సోయి లేదు.

మొదలు పటేల్ ఇంట్ల పాత కచ్చురం అమ్ముతున్నరంటే చూడవోయిండు, నేను ఎంబడివడి పోయిన. కచ్చురమంటే మీద గూడున్న సవారి ఎడ్లబండి, ఆ కాలంల పటేండ్ల ఆడోళ్లే దాంట్ల తిరిగేది. "ఏందిరో, మళ్ల పెండ్లి చేసుకుంటున్నవా, కచ్చురం గావాల్నా?" అని పటేల్ నగిండు. బాపు కూడా నగిండు. నగుకుంటనే కిందికి వంగి ఇరుసు చూసిండు, గిర్ర ఊపిండు, లోపటికెక్కి కాళ్లు సాపి పండుకున్నడు. పటేల్ నగుడు బందయింది. అది కూసుండేటోళ్లకు చేసిన బండి, పండితే మోకాళ్లు ముడువాలె. దిగి దండం పెట్టి ఇంటికొచ్చి, కొత్తది చేపిస్త అన్నడు.

బండ్లు చేసే వడ్ల మల్లయ్య మా వాకిట్ల దుక్నం పెట్టిండు. గిర్రలకు మా చేనుగట్టు మీది తుమ్మ కొట్టిచ్చిన్రు, పలకలకు జైనూర్ దిక్కుకెల్లి టేకు వచ్చింది. ఆ టేకు చెక్కుతుంటే లేచే వాసన ఇంటినిండ, మా బట్టలనిండ, అన్నంల కూడ. చెక్కపొట్టుతోని నేను గాజులు చేసుకుంటి, తమ్ముడు మీసాలు పెట్టుకుండు. గిర్రలకు ఇనుప పట్టాలు ఎక్కించిన నాడు ఊరంత వచ్చింది. పిడకల మంటల ఎర్రగ కాలిన పట్టాను పట్కార్లతోని లేపి గిర్రకు తొడిగి బుడబుడ నీళ్లు పోస్తే, తెల్లటి ఆవిరి లేచి ఒకలకొకలు కనవడకపోతిమి. అవ్వ మంచాన్ని వాకిట్లకు తెచ్చి ఏసిన్రు, ఆమె ఆడికెల్లే పెత్తనం. ఈడ పాటల పుస్తకానికి సంచి కుట్టున్రి, ఈడ లాంతరుకు కొక్కెం కొట్టున్రి, ఇరుసు కింద ఉట్టి కట్టి నీళ్లకుండ పెట్టున్రి, గూడు లోపట నా పెండ్లి చీరె అతికియ్యున్రి, పండుకుంటే నాకు గూటి మీది గడ్డి కాదు, చీరె కనవడాలె. ఆ దినాలల్ల అవ్వ మొఖం చూడాలె! జెరం ఇడిసిన పిల్ల లెక్క ఉండె.

కొలతల కాడ గడబిడైంది. పడక ఎంత పొడుగు కావాల్నని మల్లయ్య అడిగితే, బాపు తాడు పట్టుకొని అవ్వ మంచం కాడికి పోయి, తలకాయ కాడ ఒక కొస పెట్టిండో లేదో, బాపమ్మ లొల్లి లేపింది.

"నీ చేతులిరగ! పండిన మనిషిని కొలుస్తర్రా? పెట్టెకా కొలిచేది?"

మా దాంట్ల చచ్చిపోయినోళ్లను పెట్టెల పెట్టి బొందవెడుతరు. వడ్లాయన వచ్చి పండిన మనిషిని తాడుతోని కొలుచుడు ఒక్క ఆ దినమే. అందుకని బతికున్నోళ్లను పండవెట్టి ఎవలు కొలువరు, ఆఖరికి పసిపిల్లకు ఉయ్యాల కోసం గూడ కొలువరు. బాపు తాడు పారేసిండు. ఒక దిక్కు ఆయన, ఒక దిక్కు బాపమ్మ రెక్కలు పట్టి అవ్వను గోడకు నిలవెట్టిన్రు. మల్లయ్య మడిమెలకెల్లి నెత్తి దాంక తాడు పట్టి ముడేసిండు. అవ్వ నడుము వంగి ఉన్నది, మోకాళ్లు దిగజారుతున్నయి, అందరికి కనవడుతనే ఉన్నది. అయినా ఒక్కలకు సోయి లేదు. అవ్వక్కూడ లేదు.

జాతరకు పోయే ముందటి నాడు బండి తయారయింది. వరిగడ్డి పరిచి, మీద బొంతలేసి, బాపు అవ్వను ఎత్తుకపోయి పండవెట్టిండు. పండితే నడుము సాగుతది గద, కాళ్లు ఎన్క పలక దాటి బయటికొచ్చినయి. మేం ఆ కాళ్ల దిక్కు చూస్తుంటే అవ్వనే పక్కున నగింది. "నా కాళ్లకు జాతర వద్దట, ఊర్లనే ఉంటయట" అన్నది. ఇగ అందరం ఒకటే నగుడు, బాపమ్మ కండ్లల్ల నీళ్లొచ్చేదాంక. తెల్లారి అట్లనే బయలుదేరినం. ఊరి పొలిమేర దాంక పోయినమో లేదో, కుదుపు కుదుపుకు పలక అంచు ఆమె పిక్కలకు కొడుతుంది. ముడుచుకుంటే నరాలు గుంజుతున్నయి. అవ్వ కొంగు నోట్లవెట్టి కొరుకుతుంది, ఆపు అని అంటలేదు. బాపు ఎనుకకు తిరిగి చూసి బండి ఆపిండు. పలక అతికిద్దామంటే మల్లయ్య లేడు, బిడ్డ పెండ్లికని దూరం ఊరు పోయిండు. మా పక్కకెల్లి బండ్లన్ని పాట పాడుకుంట పోయినయి. బాపు మా బండిని ఇంటి దిక్కు తిప్పిండు.

"వచ్చే యేడు పోదాం తియ్. బండి యాడికి పోతది?" అన్నది అవ్వ.

మల్లయ్య రాంగనే ఎన్క కొత్త పలక అతికిచ్చిన్రు. పాత టేకు ఎరుపు మీద అది తెల్లగ, వేరే తెలుస్తుండె. ఆ ఎండాకాలమంత పొద్దుమీకి అవ్వను వాకిట్ల బండిలనే పండవెట్టేది. ఎడ్లు లేవు, తొవ్వ లేదు, ఆమె కాళ్లు నిండుగ సాపుకొని, చీరె దిక్కు చూసుకుంట, జాతర పాటలన్ని వరుసకు పాడేది. నేను నొగల మీద కూసుండి ఎడ్లను కొట్టినట్టు చేస్తుంటి. నాట్లు పడే కాలంల అవ్వ చచ్చిపోయింది. మల్లయ్యనే వచ్చిండు. ఈసారి పండవెట్టే కొలిచిన్రు, బాపమ్మ ఏం అనలే.

ఆ యేడు జాతరకు బాపు బండి కట్టిండు. పోతడని ఎవలు అనుకోలే. గడ్డి పరిచిండు, బొంత ఏసిండు. నేను, తమ్ముడు ముంగట ఆయన పక్కనే ఇరుకుకొని కూసున్నం. ఎన్క పడకంత ఖాళీ. ఎక్కొద్దని ఎవలు చెప్పలే, గని మేం ఎక్కలే. తొవ్వల మలీద ముద్ద నోట్లవెట్టుకుంటే మట్టి తిన్నట్టే ఉండె. వాగు ఒడ్డున పాటలు, పొయ్యిలు, పిల్లల లొల్లి అన్ని ఎప్పటి లెక్కనే ఉన్నయి. నాకు ఏం అనిపియ్యలే. బాపు అన్నం కలిపి మాకు పెట్టి, తను ఇన్ని నీళ్లు తాగి లేస్తుండె.

ఒకనాడు పగటిపూట ముసురు పట్టింది. సూస్తుండంగనే వాన దంచుడు మొదలువెట్టింది. మా పక్క బండికి గూడు లేదు. దాని కింద ఒక బాలెంత, ఏ ఊరామెనో, పసిగుడ్డును కొంగుల దాచుకొని గోనెపట్ట కింద ముడుచుకొని కూసున్నది, నీళ్లు ఆమె కిందికెల్లే పారుతున్నయి. బాపు కొంచెంసేపు చూసిండు. లేచి ఆమె కాడికి పోయిండు.

"లోపటికి రా బిడ్డా, జాగ ఉన్నది. కాళ్లు సాపుకొని పండుకో."

ఆమె వచ్చి అవ్వ జాగల పండుకున్నది. పోరన్ని పక్కలేసుకొని, కాళ్లు సాపితే మడిమెలు ఆ తెల్లపలక మీదికి వచ్చినయి. పైన అవ్వ పెండ్లి చీరె. నాకు ఆమెను గిచ్చి బయటికి గుంజాలనిపిచ్చింది, కోపంతోని పండ్లు పటపట కొరికిన. బాపు గొంగడి కప్పుకొని బండి కింద కూసున్నడు. వాన ఎలిసినంక, చుట్టాల బండిల వచ్చిన బాపమ్మ అన్నం పెడితే ఆ పూట తిన్నడు. ఇంకింత పెట్టు అని గూడ అడిగిండు.

ఆ వాగు ఒడ్డు ఇప్పుడు ప్రాజెక్టు నీళ్ల కింద ఉన్నది. జాతర వేరే కాడికి మారింది, ఆటోలల్ల పోయి, వాక్యం విని, పొద్దుమీకి ఇంటికొచ్చి పండుకుంటున్నరు. కచ్చురం చేసే వడ్లాయన ఈ దిక్కు ఒక్కలు లేరు. మొన్న మంచిర్యాల తొవ్వల ఒక హోటల్ ముంగట బండి గిర్రకు రంగులేసి గోడకు ఆనిచ్చిన్రు, పోరగాండ్లు దాని పక్కన నిలవడి ఫోటోలు దిగుతున్నరు. మా బండి పలకలు ఎప్పుడో మా తమ్ముని ఇంటి తలుపులైనయి. తెల్లపలక ఏ తలుపుల కలిసిందో వాడు చెప్పలేడు.

బండి కొన్న కొత్తల మా ఆయన ఇదే షెడ్డుల, ఉత్త ఇనుప నేల మీద వెల్లకిల పండుకొని, టేపు పట్టవే అన్నడు. లేవయ్యా, నిలవడు, నిలవెట్టి కొలుస్త అన్న. "పండుకునేదానికి నిలవడి కొలుస్తరానే?" అని పండుకునే నగిండు. నేను వంగి టేపు పట్టిన. అవ్వను నిలవెట్టి కొలిచిన్రు, పోయింది. ఈయనను పండవెట్టి కొలిచిన, పోయిండు. టేపుల ఏం లేదు, తాడుల ఏం లేదు.

"ఏం చేద్దామక్కా?" అన్నడు యూసుఫ్ భాయి, చెవు మీదికెల్లి పెన్సిల్ తీసుకుంట.

నేను బండి ఎక్కిన. పడకకు ఇంక పరుపు లేదు, ఉత్త పలక. దాని మీద పండుకొని కాళ్లు సాపిన. నా మడిమెల అవుతల జానెడు కంటె ఎక్కువనే జాగ మిగిలింది. మీద అద్దంల మబ్బు కనవడ్డది.

"తగ్గియ్యకు భాయి. గట్లనే ఉండనియ్యి."

"ఒక్కదానివి గద అక్కా, గంత పొడుగు మీద ఎవరు పండుకుంటరు?"

"తొవ్వల ఎవలన్న తడుసుకుంట కనవడితే పండుకొమ్మంట. జాగ ఉన్నది గద."

యూసుఫ్ భాయి పలక మీద పెన్సిల్ గీత గీసి బయటికి పోయిండు. బయట పలకలు కోస్తున్న మిషను బందయింది. లేద్దామనుకున్న గని లేవలే. ఇగ అప్పుడొచ్చింది నాకు ఏడుపు.