మామయ్య జ్వరానికి ముప్పై రెండు కలపడం

మా పల్నాట్లో ఎండది ఒక లెక్క, జ్వరానిది ఒక లెక్క. నలభై అయిదు అంటే ఎండ, నూట రెండు అంటే జ్వరం. ఒకటి సెల్సియస్, ఇంకొకటి ఫారెన్‌హీట్ అని ఎవరూ పట్టించుకోరు. రెండూ డిగ్రీలే.

నేను నరసరావుపేటలో లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తాను. చదువు పదో తరగతితో ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. గజాలను సెంట్లు చేయాలన్నా, అడుగులను మీటర్లు చేయాలన్నా చుట్టాలు నాకే ఫోన్ చేస్తారు. అందుకే మొన్నటి వేసవిలో రొంపిచెర్ల దగ్గర అత్తగారింటికి వెళ్లినప్పుడు ఈ జ్వరం పంచాయితీ నా మెడకు చుట్టుకుంది.

మామయ్యకు జ్వరం వచ్చింది. తగ్గిపోయిందని ఆయన అంటాడు, తగ్గలేదని అత్త అంటుంది. తొంభై ఎనిమిదికి దిగితేనే అన్నం, అప్పటిదాకా పాలూ బ్రెడ్డూ. ఇది అత్త పెట్టిన పత్యం. ఇంకో రోజైతే మామయ్య ఓర్చుకునేవాడేమో. కానీ ఆ రోజు కొత్త ఆవకాయ తిరగకలిపే రోజు. జాడీలోది బేసిన్‌లో వేసి కలిపి, మళ్లీ జాడీకి ఎత్తాక, ఆ బేసిన్‌లోనే వేడన్నం వేసి కలుపుతారు. ఆ ముద్ద ఏడాదికి ఒక్కసారే. బేసిన్ కడిగితే మళ్లీ వచ్చే వేసవే. మామయ్య మంచం మీద పడుకుని బేసిన్ వైపే చూస్తున్నాడు.

పాత గాజు థర్మామీటరు పగిలిపోయిందంటే నేనే వస్తూ వస్తూ మెడికల్ షాపులో అంకెలు పడేది ఒకటి తెచ్చాను. మామయ్య చంకలో పెడితే కూతపెట్టి ముప్పై ఆరు పాయింట్ తొమ్మిది చూపించింది. ఉన్న ఒక్క బొత్తాన్ని ఎంత నొక్కినా వెలగడం, ఆరడం తప్ప దానికి వేరే విద్య రాదు.

"ముప్పై ఆరా!" అని అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. "తొంభై ఎనిమిది ఉండాల్సిన మనిషి ముప్పై ఆరుకు పడిపోయాడంటే ఇంకేముంది? ఒళ్లు చల్లబడిపోతంది!"

లోపలికి పరుగెత్తి దుప్పటి తెచ్చి కప్పింది. బయట నలభై అయిదు.

"ఒసేయ్, జ్వరంతో కాదే, నీ దుప్పటితో పోతా!" అన్నాడు మామయ్య.

"అది వేరే కొలత అత్తా," అన్నాను. "తొమ్మిదితో హెచ్చవేసి, అయిదుతో భాగించి, ముప్పై రెండు కలిపితే తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. మామయ్యకు జ్వరం లేదు."

ఆమె నాకు మేనత్త కూడా. అల్లుడినని మొహమాటపడదు.

"ముప్పై రెండు ఎక్కడి నుంచి తెచ్చావు?"

"అది కలపాలి."

"ఎందుకు కలపాలంట? వీశెకు కిలో నాలుగొందల గ్రాములని నువ్వే చెప్పావుగా. దాంట్లో ఏమన్నా కలిపామా? సున్నా వీశెలంటే సున్నా కిలోలే. మీ మామ కాబట్టి కలుపుతున్నావు!"

అడగాల్సిన ప్రశ్నే. రెండు కొలతలకూ సున్నా ఒకచోట లేదు. ఆమెకు అర్థమయ్యేలా రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లతో చెప్పబోయాను.

"దూరం పేట నుంచి కొలిస్తే ఒక అంకె, అంతకంటే వెనకనుంచి కొలిస్తే ఇంకో అంకె పడదా? ఊరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది."

"జ్వరం పేట నుంచి వచ్చిందా ఏంది?"

ఫోన్‌లో చూపించాను. "ఫోను నీదేగా," అంది.

ఇక చివరి ఉపాయంగా, "అయితే నువ్వు పెట్టుకో అత్తా. నీకు జ్వరం లేదుగా. ఎంత వస్తదో చూద్దాం," అన్నాను. పెట్టుకుంది. ముప్పై ఆరు పాయింట్ తొమ్మిది. అంతకంటే రుజువు ఏం కావాలని నేను మామయ్య వైపు గెలిచినట్టు చూశాను.

అత్త మాత్రం నుదురు తడుముకుంది. "పొద్దుటి నుంచి నీరసంగానే ఉంది. నాకూ అంటించాడన్నమాట!"

మంచం రెండో కొసన కూర్చుని, బ్రెడ్డుముక్క తీసుకుని పాలలో ముంచింది. మామయ్య దుప్పటి అంచు ఎంతో ప్రేమగా ఆమె మీదికి జరిపాడు.

"కప్పుకోవే. చల్లబడిపోతావు."

వంటింట్లోంచి మా ఆవిడ కేక వేసింది. "అమ్మా, అన్నం ఉడికింది! మీ ఇద్దరికీ పత్యమేగా. ఆయనా నేనూ కంచాల్లో తింటాంలే. బేసిన్ కడిగేయనా?"

బ్రెడ్డుముక్క అత్త నోటిదాకా వచ్చి ఆగింది. మెత్తబడి సగం పాలగ్లాసులో పడింది. ఆవకాయ పెట్టిన మనిషి, ఆ ముద్ద తినకుండా ఏ వేసవీ దాటని మనిషి.

"అల్లుడూ," అంది నెమ్మదిగా. "ఆ ముప్పై రెండు కలిపితే ఎంతన్నావు?"

"తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు."

"ఆ పాయింట్ నాలుగు తీసెయ్."

తీసేశాను. జీవితంలో నేను లెక్కలో ఇచ్చిన రాయితీ అదొక్కటే.

అప్పటికే మామయ్య దుప్పటి భుజాన వేసుకుని బేసిన్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వేడన్నం పడింది, నూనె పడింది, అత్త కలిపి మొదటి ముద్ద ఆయన చేతిలోనే పెట్టింది. కళ్లు మూసుకుని నమిలాడు.

"ఉప్పు కొంచెం తగ్గినట్టుందే."

అత్త చెయ్యి రెండో ముద్ద దగ్గర ఆగిపోయింది. "నోటికి రుచి తెలవట్లేదంటే జ్వరం ఇంకా ఉన్నట్టే. ఆ మిషన్ ఇటివ్వు అల్లుడూ."

"సరిపోయిందే!" అన్నాడు మామయ్య, బేసిన్‌ను రెండు చేతులతో పట్టుకుని. "చానా బాగా సరిపోయింది!"