గంజి కమిటీ ఒక్కపొద్దులు

కమిటీలో ఉండటం కన్నా కరువులో ఉండటం నయమని ఒకసారి మా అవ్వతో అన్నాను. అప్పుడు నేను రెండింట్లోనూ ఉన్నాను కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది.

అప్పటికింకా మేం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. ఉదయగిరి నుంచి దుత్తలూరు పోయే దారిలో, కొండ మీది కోటగోడలు కనబడేంత దూరంలో మా ఊరు. వరసగా మూడేళ్లు వానల్లేవు. జొన్నచేలు మోకాలెత్తు లేవకుండానే మాడిపోయాయి. నెల్లూరులో ఒక ధర్మసంఘం వాళ్లు దయతలచి మా ఊళ్లో గంజి కేంద్రం పెడతామన్నారు. జొన్నలూ నూకలూ వాళ్లు పంపుతారు. నడిపించాల్సింది ఊరివాళ్ల కమిటీ. ఎవరికీ జీతం లేదు. ఆ మాట వినగానే పెద్దమనుషులంతా ఎగబడ్డారు. జీతం లేని పదవికి మా వైపు ఉన్నంత గిరాకీ బంగారానికి కూడా లేదు.

పని కూడా చేయాలని తెలిశాక నలుగురం మిగిలాం. ప్రెసిడెంటు ఊళ్లోకెల్లా పెద్ద రైతు. ఇంట్లో గాదెలు ఖాళీ అయినా మీసం మాత్రం దిగలేదు. రెండో ఆయన అంగడి శెట్టిగారు. మొదటిరోజే నలుగురూ చూస్తుండగా తన ఇంటి తిండిగింజల్లోంచి రెండు మూటలు తెచ్చి ఇచ్చాడు, పాపం. ఆ సంగతి కనబడిన ప్రతివాడికీ చెప్పాడు కూడా. మూడో ఆయన కొండ కలపతో గరిటెలు చెక్కే ముసలి సాయిబు. గంగాళంలో తిప్పే నిలువెత్తు తెడ్డు ఆయన చెక్కి ఇచ్చిందే. నాలుగోవాణ్ణి నేను, ఎలిమెంటరీ స్కూలు అయ్యవారిని, ఇరవయ్యారేళ్లవాణ్ణి. రాయడం వచ్చు గనక సెక్రటరీని.

వింజమూరు నుంచి ఒక వంటాయన్ని పిలిపించాం. నాలుగోనాడు ఆ పొగ చూసి, ఆ గంగాళం చూసి, చెప్పకుండా బస్సెక్కి పోయాడు. ఆ పూట జనం ఎండలో కూర్చుని ఉన్నారు. హరిజనవాడ నుంచి వచ్చిన ఒకామె లేచి, కొంగు బిగించి తెడ్డు అందుకుంది. ముప్ఫయ్యేళ్లుంటాయేమో. మొగుడు కూలికని పోయి రెండేళ్లయినా తిరిగి రాలేదు. ఇద్దరు బిడ్డలు. ఆమె కాచిన గంజిలో ఉండ కట్టదు, అడుగంటదు. కాల్చిన ఎండుమిరపకాయ వాముతో కలిపి నలిపి చల్లేది. మేం ఆమెకు ఇచ్చేది ముగ్గురికి సరిపడా గంజి, అంతే. అదే వాళ్లకు ఆధారం. వరసలో అన్ని కులాలవాళ్లూ కూర్చునేవాళ్లు. ఆమె చేతిది తాగొచ్చా అనే సంగతి ఆకలి మొదటిరోజే తేల్చేసింది.

తేలనిది కమిటీకే. నెల్లూరు వాళ్లు ఒక నిబంధన పెట్టారు. రోజూ వడ్డనకు ముందు కమిటీలో ఒకరు అందరి ఎదుటా ఒక గిన్నెడు గంజి తాగాలి. పురుగులున్నాయో, ఇసక ఉందో ముందు మా నోటికే తెలియాలని. మంచి నిబంధనే. రోజుకొకరి వంతనుకున్నాం. కాని శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దని, బయట ఏదీ ముట్టనని ప్రెసిడెంటు అన్నాడు. సోమవారం శివుడికన్నాడు. శెట్టిగారు గురువారం, శుక్రవారం తీసుకున్నాడు. ఆదివారం సూర్యుడి పేర ఇద్దరూ పంచుకున్నారు. నేనేం తక్కువ తిన్నానా? మంగళవారం ఆంజనేయస్వామికని మొదలుపెట్టాను. అంతకుముందు ఆ స్వామికి నేను కొబ్బరికాయ కొట్టిన పాపాన కూడా పోలేదు. బుధవారం మిగిలింది గాని, ఆరోజు ముగ్గురికీ పొరుగూళ్లలో పనులుండేవి. అన్ని రోజులూ గిన్నె పట్టుకుని తాగింది సాయిబొక్కడే. తాగి, మీసం తుడుచుకుని, ‘బాగుండాది, పొయ్యండి’ అనేవాడు.

ఇంతలో దూడల గొడవ ఒకటి వచ్చింది. చాకలామె పొద్దుగూకేముందు ఇంటింటికీ పోయి అన్నం పెట్టించుకోవడం మా ఊరి ఆనవాయితీ. ఆ ఏడు అది తిరగబడింది. ఆమే ఇంటింటి ముంతలూ తెచ్చి, గంజి పోయించుకుని, కొంగు కప్పుకుని వెనకదారిన పోయేది. ఎవరికమ్మా అంటే దూడలకంట అనేది. ప్రెసిడెంటు మీటింగులో గొంతు సవరించుకుని, మూగజీవాలు కూడా ప్రాణులే కదా, మిగిలిన గంజి దూడలకు పోస్తే పుణ్యమన్నాడు. శెట్టిగారు బలపరిచాడు. నేను అందమైన దస్తూరీతో తీర్మానం రాశాను. గడ్డిపోచ లేని ఊళ్లో అన్ని దూడలెట్లా బతికున్నాయని సెక్రటరీ అయినవాడు అడగాలి కదా? అడగలేదు. మా దూడను కిందటి వేసవిలోనే ఆత్మకూరు దగ్గర చెరువు కింద ఉండే మా మేనత్త ఇంటికి తోలేశాం గనక, మా ఇంటికి ఆ పుణ్యంతో పనిలేదనుకున్నాను.

ఇంటికొచ్చి అవ్వ పోసిన జావ తాగుతూ, ఆ కేంద్రంలో గంజి వాసన చూడలేకపోతున్నానని, నీ చేతి జావ ముందు అదేం పనికొస్తుందని అనేవాణ్ణి. అవ్వ నా వంక చూసేది కాదు. “తినేటప్పుడు మాట్లాడగూడదు నాయనా, తిను” అనేది. మా అవ్వకు అంత మర్యాద ఎప్పుడు పట్టుబడిందా అని ఆశ్చర్యపోయేవాణ్ణి.

రంజాన్ నెల వచ్చింది. సాయిబు ఉపవాసాలు మొదలుపెట్టాడు. ఇక గంజి తాగి చూపించేవాడు కమిటీలో లేడు. కమిటీవాళ్లే తాగని గంజి మాకు పోస్తున్నారని ఎవరో నెల్లూరికి కార్డు ముక్క రాసి పడేశారు. ప్రెసిడెంటు కంగారుపడి మీటింగు పెట్టాడు. తప్పు మనది కాదు, వంటమనిషిది అని తేల్చాడు. ఆమెను తీసేసి, అందరికీ సరిపడే కులంవాణ్ణి పెడితే ఒక్కపొద్దులు వాటంతటవే తగ్గిపోతాయన్నాడు. సాయిబు ఒక్కడే తల అడ్డంగా ఊపాడు. ఉపవాసంతో నీరసంగా ఉన్నాడులే అని మేం సర్దుకున్నాం. తీర్మానం రాసింది ఎవరనుకున్నారు? ఈ దస్తూరీయే.

మర్నాడు పొయ్యి దగ్గర ఆమె నన్ను ఆపింది.

“నన్ను తీసేస్తారంట, నిజమేనా అయివోరా?”

అదింకా ఏమీ అనుకోలేదన్నాను. తీర్మానాల పుస్తకం నా చంకలోనే ఉంది.

“తీసేసేటట్టుంటే రెండ్రోజులు ముందుగా చెప్పండి సామీ. పిలకాయల్ని దీసుకోని యాడికన్నా పోవాల. దోవలో తాగేదానికి ఇంత గంజన్నా ఎత్తిపెట్టుకుంటా.”

సరేనన్నాను. ఆ పూట ఇంట్లో జావ సగంలోనే వదిలేసి లేచాను. అవ్వ నుదురు తాకి చూసింది.

ఆ కార్డు సంగతి విచారించడానికి నెల్లూరు నుంచి పెద్దమనిషి వస్తాడని శుక్రవారం కోసం ఎదురుచూస్తుంటే, ఆయన బుధవారం పొద్దున్నే బస్సు దిగాడు. ఖద్దరు పంచె, చేతిలో గొడుగు. ముగ్గుర్నీ ఊళ్లోనే పట్టుకున్నాడు. నేరుగా పొయ్యి దగ్గరికొచ్చి, పాకలో చాప మీద కూర్చుని, అందరం కలిసి గంజి తాగి మాట్లాడుకుందాం అన్నాడు. మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. బుధవారానికి దేవుణ్ణి ఎవరూ కేటాయించుకోలేదు. శెట్టిగారు తెగించి, ఇవాళ మా నాయన తద్దినం అన్నాడు. ఇందాక బస్టాండు హోటల్లో నా పక్కన కూర్చుని ఇడ్లీ తిన్నది మీరే కదండీ అని నెల్లూరాయన అడిగాడు. తద్దినం అంతటితో ముగిసింది.

ఇళ్లనుంచి కంచుగిన్నెలు తెప్పించుకున్నాం. ఆమె ముట్టుకోకుండా ఎత్తి పోసింది. సాయిబు కాస్త అవతల నీడలో కూర్చుని చూస్తున్నాడు. ఆరోజు నిజంగా ఒక్కపొద్దున్నది ఆయనొక్కడే.

కళ్లు మూసుకుని ఒక గుక్క తాగాను. వాము. కాల్చిన మిరపకాయ. రెండో గుక్క తాగాను, అనుమానం తీరిపోయింది. మూడు నెలలుగా రోజూ రాత్రి మా ఇంట్లో నేను తాగుతున్నదే అది. చాకలామె కొంగు కింద పోయిన ముంతల్లో ఒకటి మా అవ్వది. ఓరి నాయనా! ఎవరి చేతిది తాగనని ఆంజనేయస్వామిని అడ్డం పెట్టుకున్నానో ఆమె చేతిదే తాగి, ఆ బలంతోనే ఆమెను తీసేసే తీర్మానం రాశాను.

సిగ్గుతో తలెత్తేసరికి ప్రెసిడెంటు గిన్నె మూతి దగ్గరే ఆగిపోయి ఉంది. ఆయన కళ్లు చూరు వైపు ఉన్నాయి. శెట్టిగారు ఇంకో గుక్క తాగి, “మా ఇంట్లో...” అని ఆగిపోయాడు.

మీ ఇంట్లో ఏమిటని నెల్లూరాయన అడిగాడు.

“మా ఇంట్లో గూడా ఇట్నే చేస్తారండీ” అన్నాడు శెట్టిగారు నీళ్లు నములుతూ.

మా ఇంట్లోనూ ఇంతేనన్నాడు ప్రెసిడెంటు చూరుతోనే. మా అవ్వ కూడా అని నేనూ గొణిగాను. మీ ఊరంతా ఒకే చెయ్యిలా ఉందే అని ఆయన నవ్వాడు. ఆమె తెడ్డు పట్టుకుని నిలబడి ఉంది. ఏ ముంత ఏ ఇంటిదో పోసే మనిషికి తెలియదా? సొట్టతో సహా తెలుసు. ఒక్కమాట అంటే ముగ్గురి పరువూ గంగలో కలిసేది. ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

వంటమనిషిని గురించి ఏదో తీర్మానం ఉందట కదా అని నెల్లూరాయన అడిగాడు. అట్లాంటిదేమీ లేదని, అంత మంచి చెయ్యి తాలూకాలోనే లేదని ప్రెసిడెంటు అన్నాడు. నేను తీర్మానాల పుస్తకం మీద కూర్చున్నాను. ఆయన బస్సెక్కేదాకా దాని మీంచి లేవకూడదనుకున్నాను.

అట్లా కుదరలేదు. నెల్లూరాయన లేచి తన గిన్నె తనే తొట్టి దగ్గర కడుక్కుని, వరసలో ఉన్నవాళ్లతో మాట్లాడటానికి అటు వెళ్లాడు. మేం ముగ్గురం అలవాటు చొప్పున గిన్నెలు అక్కడే వదిలేసి లేచాం. అవి తీసి కడిగెయ్యమని ప్రెసిడెంటు ఆమెతో అన్నాడు.

ఆమె కదల్లేదు. కోపంగా కూడా లేదు.

“నేను ముట్టుకుంటే మళ్లా వాటిని నిప్పుల్లో కాల్చుకోవాల గదా సామీ. ఆ కష్టం మీకెందుకు? మీరే కడుక్కోండి.”

వరసలో మొదట ఆడవాళ్లు నవ్వారు. తర్వాత ముసలాళ్లు. నీడలో సాయిబు గడ్డం పట్టుకుని ఊగిపోయాడు. నాకు చెవులదాకా మంట. ఆమె అన్నది మా శాస్త్రమే. పుట్టి బుద్ధెరిగి నేను ఒక్క గిన్నె కడిగి ఎరగను. ప్రెసిడెంటు సంగతి చెప్పక్కర్లేదు. ముగ్గురం పంచెలు ఎగ్గట్టి తొట్టి పక్కన గొంతుక్కూర్చున్నాం. ఆమె పొయ్యిలోంచి బూడిద తెచ్చి, మాకు తగలకుండా దూరంనుంచే పక్కన పోసింది. నేను నాది కడిగి లేచాను. శెట్టిగారు కడిగి లేచాడు. ప్రెసిడెంటు కూడా కడిగి, చేతులు దులుపుకుని, గిన్నె తీసుకుని లేచాడు.

ఆమె మెడ చాచి ఆ గిన్నెలోకి చూసింది.

“అడుగున ఇంకా ఉండాది సామీ” అంది.

ప్రెసిడెంటు గిన్నెలోకి చూసుకున్నాడు. ఆమె వంక చూశాడు. తర్వాత మళ్లీ కూర్చుని బూడిద తీసుకున్నాడు.