తలపాగాలో దాచిన లింగం

దేవుని సాక్షిగా, నా పిల్లల సాక్షిగా, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా నోట నిజం వినడం మీకు అలవాటు లేదని తెలుసు. కానీ ఇన్నేళ్లుగా మోస్తున్న ఈ బరువును ఎవరి ముందైనా దించకుండా చావలేను.

అప్పుడు నేను మార్కాపురం తాలూకా కచేరీలో బంట్రోతును. కలెక్టరు దొర మెప్పు కోసం కొత్త తాసిల్దారు హుకుం వేశాడు: కొలువులో ఉన్నవాడి ఒంటిమీద మతం గుర్తు ఏదీ కనపడకూడదు. మా బంట్రోతుల మీద పెద్ద, డఫేదారు నరసయ్య ముందు తన నామం తానే తుడుచుకుని, హుకుం మాకు చదివాడు. వరండాలో వాదులాట లేచింది. కచేరీకొచ్చే రైతు మన నొసలు చూసి బెదరకూడదని కొందరు. గడప బయట విడిచి రావడానికి దేవుడేమన్నా చెప్పులా అని కొందరు. మా తోటి బంట్రోతు, లింగధారి వీరయ్య మాత్రం మెడలోని లింగాన్ని గుప్పిట్లో పట్టుకున్నాడు. లింగం ఒంటిని విడిస్తే వాళ్లకు ప్రాణం పోయినట్టే. నరసయ్యే అతణ్ణి పక్కకు పిలిచి, లింగాన్ని తలపాగాలో దాచి కట్టుకోమన్నాడు. నేను విన్నాను.

వీరయ్య తపాలా సంచితో కంభం పోయిన రోజు, అతని అన్న బసవయ్య సంతలో నన్ను ఆపాడు.

"ఏందబ్బీ, మా తమ్ముని మెడ బోసిగా ఉండాదే. లింగం యాడ పోయింది?"

తలపాగాలో ఉందంటే అయిపోయేది. కానీ చుట్టూ జనం. నా నోరు ఊరుకుంటుందా?

"నీకు తెలీదా అన్నా? డఫేదారు దారం తెంపి, చెప్పుకాలితో తొక్కి, బాయిలో ఏసినాడు. తొక్కేటప్పుడు పసిబిడ్డ మాదిరి కేరుమనింది."

నవ్వుతారనుకున్నానా? బెదురుతారనుకున్నానా? ఇప్పటికీ తెలియదు. నా మాట ఎవరూ నమ్మరు. ఆ బోసి మెడను మాత్రం వాళ్లు కళ్లారా చూశారు.

ఆ సాయంత్రమే ఇంటికి పోతున్న నరసయ్యను బసవయ్యా, సంతలో నా మాట విన్నవాళ్లూ వీధిలో పట్టుకున్నారు. మొదటి దెబ్బకే దవడ పగిలింది. పళ్లు నెత్తుటితో కలిసి మట్టిలో పడ్డాయి. అతడేదో చెప్పబోయాడు, నోరు ఆడలేదు. పడిపోయాక కుడి మోకాలు నుజ్జయ్యేదాకా బసవయ్య కర్ర ఆగలేదు. నేను అడ్డం పోయి, అంతా అబద్ధమని అరిచాను. ఎవరూ వినలేదు.

మర్నాడు వీరయ్య వచ్చి తలపాగా విప్పాడు. అరచేతిలో లింగం చూసి బసవయ్య నేలమీద కూలబడ్డాడు. తర్వాత జైల్లోనే పోయాడు. నరసయ్య మళ్లీ నడవలేదు. నా కోతలు నమ్మినవాళ్లదే తప్పని ఊరు నన్ను వదిలేసింది. పైగా అడ్డం పోయానని మెచ్చుకుంది.

క్షమించమని అడగను. చెప్పేస్తే చాలు. అడ్డం పోయానన్నది నా కల్పన. నేను అరవలేదు. గుంపులోనే నిలబడ్డాను. దవడ పగిలాక బసవయ్య కర్ర దించి, రొప్పుతూ నా వైపు తిరిగాడు.

"ఏ కాలితో తొక్కినాడబ్బీ?"

"కుడికాలు" అన్నాను.