మూఢానికి ముందు చేసుకున్న పెళ్ళి

నా భర్తను అమెరికా రానివ్వకుండా ఆపింది ఏ ప్రభుత్వమూ కాదు, పంచాంగం. ఈ మాట అన్నప్పుడల్లా మా అమ్మ ముఖం మాడ్చుకుంటుంది. మాడ్చుకోనీ. ఇన్నేళ్ళయినా నా కోపం చల్లారలేదు, దాన్ని ఎవరిమీద చూపించాలో తేలనూ లేదు. పంచాంగాన్ని తిడితే కనీసం ఎదురు చెప్పదు.

నేను హైస్కూల్లో ఉండగా నాన్న ఉద్యోగం మూలంగా న్యూజెర్సీ వచ్చి ఇక్కడి పౌరసత్వం తీసుకున్నదాన్ని. రెండువేల ఏడు ప్రాంతంలో పార్సిప్పనీలో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. అతను రాజమండ్రిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. చుట్టాల పెళ్ళిలో కలిశాం, ఆ తరువాత ఫోన్ కార్డులు అరగదీశాం. పెళ్ళి చేసుకుందామని అనుకున్నాక ఇక్కడ నన్నెరిగిన వాళ్ళంతా ఒకటే సలహా ఇచ్చారు. అక్కడ పెళ్ళి చేసుకుని భర్తగా పిలిపించుకుంటే ఆలస్యం, కాబోయే భర్తగా ఫియాన్సే వీసా మీద పిలిపించుకుంటే త్వరగా అయిపోతుంది. షరతు ఒక్కటే. అతను పెళ్ళి కాకుండా రావాలి, వచ్చాక తొంభై రోజుల్లోగా ఇక్కడే పెళ్ళాడాలి. లాయరు ఎందుకని నేనే కూర్చుని ఫారాలు నింపాను. ఇక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసు సరేనంది, ఇక కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ మిగిలింది. ఈలోగా నిశ్చితార్థం చేసుకుందామని అమ్మా నేనూ రాజమండ్రి వెళ్ళాం.

తాంబూలాలకు వచ్చిన పురోహితుడు పంచాంగం తిరగేసి కళ్ళద్దాలు పైకి జరుపుకున్నాడు. "వచ్చే వారం నుంచి మూఢం తల్లీ. దాని వెనకాలే ఆషాఢం. ఈ శుక్రవారం దాటితే మళ్ళీ శ్రావణం దాకా ముహూర్తాల్లేవు" అన్నాడు.

నాకు విషయం వెంటనే తలకెక్కలేదు. అతనికే ఎక్కింది, లెక్కల మాస్టారు కదా. వీసా వచ్చి అతను బయల్దేరేది సరిగ్గా మూఢం మొదట్లో. తొంభై రోజులూ ముహూర్తం లేని రోజులే. అంటే మా అత్తగారి కొడుకు అమెరికాలో పెళ్ళి చేసుకోవలసింది మూఢంలోనో ఆషాఢంలోనో. ఆవిడకు ఆ మాట వినడమే అపచారం.

"పైగా పెళ్ళవకుండా మావోడు వచ్చి మీ ఇంట్లో ఎలా ఉంటాడండీ వదినగారూ? నలుగురూ ఏవనుకుంటారు?" అని ఆవిడ మా అమ్మను అడిగింది.

"శుక్రవారమే కానిచ్చేద్దాం. రిజిస్టర్ చేయించం కదా, వాళ్ళ లెక్కలో అది పెళ్ళే కాదు. అక్కడికొచ్చాక కోర్టులో సంతకాలు పెడతారు" అంది మా అమ్మ.

ఇంత తెలివైన ఏర్పాటు ఎవరికీ తట్టదని అందరం మురిసిపోయాం. ఇంటి పెరట్లో చిన్న పందిరి వేశారు. పదిమందిమి ఉన్నాం. జీలకర్ర బెల్లం పెట్టుకున్నాం. నా జీవితంలో నేను అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి లేదు, అందుకు సిగ్గుపడను.

పార్సిప్పనీ తిరిగొచ్చిన కొద్ది వారాలకే నెల తప్పిందని తెలిసింది. ఇంటర్వ్యూ తేదీ కాస్త వెనక్కి జరిగినా అయిపోతుంది, పాప పుట్టేసరికి నాన్న పక్కనే ఉంటాడు అనుకున్నాను. అప్పటికే నాకు పాపే అని గట్టి నమ్మకం.

ఇంటర్వ్యూలో అతణ్ణి ఎంతోసేపు అడగలేదట. మీ ఇద్దరికీ ఏదైనా వేడుక జరిగిందా అని మాత్రం అడిగారు. జరిగింది సార్, మా పద్ధతిలో పెళ్ళయింది, రిజిస్టర్ కాలేదు అన్నాడట. పెళ్ళయిన వాడికి ఫియాన్సే వీసా ఇవ్వరని చెప్పి పాస్‌పోర్టు వెనక్కి ఇచ్చేశారు.

నేను ఆఫీసు పార్కింగ్‌లో కార్లో కూర్చుని ఫోన్లో కేకలేశాను. "కాలేదని ఒక్క ముక్క చెప్పలేకపోయావా? ఎవరు చూశారని?"

"నా బిడ్డను మోస్తున్నావు. నీకూ నాకూ పెళ్ళి కాలేదని నా నోటితో ఎలా అనమంటావ్?" అన్నాడు.

ఈసారి బుద్ధిగా లాయరు దగ్గరికి వెళ్ళాను. మా తెలుగావిడే. పెళ్ళి కబురు విని తల పట్టుకున్నారు. "ఫియాన్సే కేసు ఫైల్ చేసి పెళ్ళెలా చేసుకున్నారమ్మా? అగ్నిహోత్రం ముందు చేసుకుంటే అదే పెళ్ళి, రిజిస్టర్ అయినా కాకపోయినా. ఇప్పుడు మొదటి నుంచి స్పౌస్ కేసు వేయాలి. దానికి మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి, ఇద్దరూ వెళ్ళి సంతకం పెట్టాలి." డాక్టరు ఒప్పుకుంది కనక అయిదో నెలలో మళ్ళీ విమానం ఎక్కాను.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫ్యాను తిరగని గదిలో బెంచీ మీద కూర్చున్నాం. అక్కడే పాప మొదటిసారి గట్టిగా తన్నింది. అతని చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకున్నాను. చుట్టూ జనం ఉన్నారని ఎప్పుడూ నాకు రెండడుగుల దూరంలో నడిచే మనిషి, ఆ రోజు మమ్మల్ని పిలిచేదాకా చెయ్యి తియ్యలేదు.

కేసు వేశాం. పాప పుట్టేలోగా అతను రావాలి, మాకు కావలసింది అదొక్కటే. చుట్టపుచూపు వీసాకు వెళ్ళాడు. వలస కేసు నడుస్తున్నవాడు తిరిగి వస్తాడన్న నమ్మకమేంటని కాదన్నారు. లాయరుగారు త్వరగా చూడమని ఉత్తరం రాశారు. నేను రోజూ ఆఫీసులో నా కేసు నంబరు వెబ్‌సైటులో కొట్టి చూసేదాన్ని. 'మీ కేసు మాకు అందింది' అన్న వాక్యం మారేది కాదు.

ఏడో నెల నిండకుండానే నొప్పులు వచ్చాయి. పాపే. నా అరచెయ్యంత ముఖం, తల నిండా జుట్టు. అద్దాల పెట్టెలో పెట్టి గొట్టాలు తగిలించారు. నర్సు ఫోన్ తేవడానికి ఒప్పుకుంటే స్పీకర్ పెట్టి పెట్టె కంతకు ఆనించాను. "బంగారం, నేను నాన్నని. వచ్చేస్తున్నానమ్మా, కాస్త ఓపిక పట్టు" అన్నాడు. మర్నాడు సాయంత్రం దాకా ఓపిక పట్టింది. అంతకంటే పట్టలేకపోయింది.

విమానంలో తిప్పడం వల్లనే అని కొందరు ఆంటీలు అన్నారు. డాక్టరు కాదంది. నేను ఎవరి మాటా వినే స్థితిలో లేను. ఆస్పత్రిలో ఒకావిడ వచ్చి సర్టిఫికెట్ కోసం పేరు అడిగింది. ఇరవై ఒకటో రోజున కదా మేం పేరు పెట్టేది, ఇంకా అనుకోలేదు అని చెప్పాను. ఆవిడకు అర్థం కాలేదు. పుట్టిన కాగితం మీద 'బేబీ గర్ల్' అని వచ్చింది, పోయిన కాగితం మీదా అంతే. ఆ బుజ్జి పెట్టెను మట్టిలో దించేటప్పుడు మా నాన్నే ఉన్నాడు. ఉండవలసిన పాప నాన్న సముద్రాలకు అవతల గదిలో తలుపేసుకుని ఉన్నాడు.

కొన్ని నెలలకు లాయరుగారు ఇంటికి వచ్చారు. మామూలుగా ఆఫీసుకే పిలుస్తారు. అమ్మ ఇచ్చిన కాఫీ చల్లారిపోయేదాకా తాగలేదు.

"తప్పుగా అనుకోకు తల్లీ. మీది నిజమైన కాపురమేనని వాళ్ళకు ప్రూఫ్ చూపించాలి. ఒకసారి రిజెక్ట్ అయిన కేసు కదా. ఫోన్ బిల్లులూ ఫొటోలూ ఉన్నాయి కానీ..." అని ఆగిపోయారు.

నేనే అందుకున్నాను. "పాప సర్టిఫికెట్లా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ తలూపారు. "తండ్రి పేరు ఉంది కదమ్మా వాటి మీద. అంతకంటే స్ట్రాంగ్ ఎవిడెన్స్ ఉండదు."

లోపలికి వెళ్ళి బీరువాలోంచి రెండూ తెచ్చి ఇచ్చాను. జిరాక్సులు చాలన్నారు, ఒరిజినల్స్ ఇంటర్వ్యూ రోజున చూపించాలన్నారు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆ రోజు తరువాత ఆవిడ మా ఇంట్లో పంచాంగం తెరవగా నేను చూడలేదు.

వీసా వచ్చింది. నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌లో ఒక సూట్‌కేసుతో బయటికి వచ్చాడు, చాలా చిక్కిపోయాడు. ఇద్దరం ఏడవలేదు. కార్ ఎక్కాక, ఇంటర్వ్యూ ఎలా అయిందని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలి కనక. "ఏమీ అడగలేదు. పాప కాగితాలు రెండూ చూశారు. చాలు అన్నారు" అన్నాడు.

హైవే ఎక్కాం. ఇంట్లో అమ్మ భోజనం పెట్టుకుని ఎదురుచూస్తోంది. మా పార్సిప్పనీ ఎగ్జిట్ రాబోతుండగా అతను నా చేతి మీద చెయ్యి వేశాడు.

"ముందు దాని దగ్గరికి తీసుకెళ్ళు. నన్ను ఇక్కడికి తెచ్చింది అదే కదా" అన్నాడు.