మాట్లాడే నంబర్ల వాల్‌బుర్గ

వాల్‌బుర్గ హేఫెలె ఆ గొడవ గెలిచిన రోజు మా క్యాంటీన్‌లో పప్పూ ష్పెట్స్‌లే అనే గుడ్డు నూడుల్సూ, పక్కన సాసేజ్. పై అంతస్తులో మీటింగు గది అంతమందికి చాలక మా యజమాని రాపోల్డ్ గారు సభని కిందికి దింపారు. అందువల్ల అక్కడ వడ్డించే నేను గరిటె చేత్తో పట్టుకునే మొత్తం చూశాను. ఆ రోజు గురించి తరవాత అక్కడ లేనివాళ్ళు కూడా చాలా చెప్పారు. వాళ్ళ మాట పట్టించుకోనక్కర్లేదు.

మాది రొట్టెల దుకాణాల కోసం పిండి కోసి ఉండలు చేసే యంత్రాల ఫ్యాక్టరీ. ఆ రోజు తేలవలసింది ఏ పి.ఎల్.ఎం. సాఫ్ట్‌వేర్ కొనాలన్నది. పేరు గంభీరమే గాని సంగతి చిన్నది. యంత్రంలో ఒక భాగం కాగితం మీద గీతగా పుట్టిన దగ్గర్నుంచి పాత ఇనుములో పడేదాకా దాని బతుకంతా ఒకేచోట ఉంచుతుంది అది. ఎవరు గీశారు, ఎవరు ఎందుకు మార్చారు, ఏయే యంత్రాల్లో ఉంది, విరిగితే బదులు ఏది వెయ్యాలి, అన్నీ అందులోనే. అంతకుముందు ఆ బతుకులు మా దగ్గర తలో చోటా ఉండేవి. డిజైన్ వాళ్ళ కంప్యూటర్‌లో ఒక మాట, సరుకు కొనేవాళ్ళ పట్టికలో ఇంకో మాట, షాపులో గోడకి అంటించిన జిడ్డు డ్రాయింగులో మూడో మాట. ఒక్క పలక గురించి మూడు అబద్ధాలు.

దీన్ని ఒక దారికి తెమ్మని రాపోల్డ్ గారు ఉత్తర జర్మనీలోని బ్రేమెన్ నుంచి హెన్నింగ్ ల్యూర్స్ అనే ఆయన్ని పిలిపించారు. మర్యాదస్తుడు. పుస్తకం చదువుతున్నట్టు మాట్లాడతాడు. మా కొండ ఊళ్ళో ఆ ఒక్కటి చాలు మనిషిని దూరం పెట్టడానికి. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు ముగ్గురు వచ్చి తెరల మీద బొమ్మలు తిప్పి చూపించి వెళ్ళారు. ఆయనకి రెండో కంపెనీది నచ్చింది.

"బొమ్మలు చూసి కొనకండి," అన్నాడు. "ముందు మన పని ఎక్కడెక్కడ తప్పుతోందో రాసుకుందాం. ఆ తప్పులు పట్టేది కొందాం. కొన్నాక దాన్ని వీలైనంత తక్కువ మారుద్దాం. మార్చిన ప్రతిచోటా జీవితాంతం మనమే కాపలా కాయాలి."

అంతవరకూ అందరికీ బాగానే ఉంది. అప్పుడాయన నంబర్ల జోలికి వెళ్ళాడు.

"ఇకనుంచి కొత్త భాగానికి వరసలో వచ్చిన నంబరు ఇద్దాం. ఆ నంబరు ఏమీ చెప్పదు. చెప్పాల్సిందంతా సాఫ్ట్‌వేరే చెబుతుంది."

మా నంబర్లు వాల్‌బుర్గవి. మొదటి అంకె ఏ యంత్రమో చెబుతుంది, తరవాతి రెండూ ఏ భాగమో, నాలుగోది దేంతో చేశారో, చివరివి కొలత, వాటం. చిన్నపిల్లగా డ్రాయింగులు నకలు తీసే పనికి చేరి, ఇప్పటి యజమాని తండ్రి పెద్ద రాపోల్డ్ గారి పక్కన కూర్చుని ఆ పద్ధతి కట్టింది. పెళ్ళి చేసుకోలేదు. శనివారం వాటాలవాళ్ళ ఉమ్మడి మెట్లు ఊడ్చే వంతు తనదైనా కాకపోయినా, పక్కింటివాళ్ళు ఊడ్చిన మెట్టుని మళ్ళీ ఊడ్చే రకం. ఫ్యాక్టరీలో ఆమె నంబరు ఇవ్వనిదే బోల్టు కూడా పుట్టేది కాదు. తప్పు నంబరు రాసినవాణ్ణి అందరి ముందూ నిలబెట్టి కడిగేది, వాడు ఇంజనీరైనా సరే. ఆవిడ మెచ్చుకోవడం ఎవరూ వినలేదు. ఏమీ అనకుండా వదిలిందంటే అదే పండగ.

ఆమె లేచింది.

"ల్యూర్స్ గారూ, మీకు పిల్లలున్నారా?"

"ఇద్దరండి."

"పేర్లు పెట్టారా, వరస నంబర్లేనా?"

క్యాంటీనంతా నవ్వింది. ల్యూర్స్ కూడా నవ్వాడు.

"పెట్టామండి. కానీ పేర్లో వాళ్ళ ఎత్తూ బరువూ కలపలేదు. కలిపుంటే ఏడాదికోసారి మార్చాల్సొచ్చేది."

మంచి జవాబే. నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. కానీ గదిలో జనం ఆయన వైపు లేరు. ఆమె వెనక బల్ల వైపు తిరిగింది. అక్కడ గెబ్‌హార్ట్ మోక్ సాసేజ్ నములుతున్నాడు. దేశాలు తిరిగి రొట్టెల దుకాణాల్లో మా యంత్రాలు బాగుచేసే మెకానిక్ అతను. ఆమె ఒక నంబరు చదివింది.

"చిన్న యంత్రం, పిండి గీరే పలక, స్టెయిన్‌లెస్ స్టీలు, కుడి వాటం," అన్నాడు గెబ్‌హార్ట్ నోట్లోది మింగకుండానే. "ఇంకేం కావాలి వాల్‌బుర్గా, దాని రాశిఫలం కూడా చెప్పనా?"

"ఇతను కారు నడుపుతుంటాడు," అంది ఆమె ల్యూర్స్‌తో. "ఎక్కడో దుకాణంలో యంత్రం ఆగిపోతుంది, ఫోన్ చేస్తారు. మీ తెర ఎక్కడ తెరుస్తాడు, స్టీరింగ్ మీదా?"

"మంచిదండి. అదే పలక రేపు ఇంకో లోహంతో చేశారనుకోండి. నంబరు పాతదే ఉండిపోతే?"

"లోహం మారితే నంబరు మారుద్ది."

"మార్చే తీరిక లేకపోతే?"

"నా గదిలో అట్లా జరగదు."

జనం వేళ్ళ కణుపులతో బల్లల మీద టకటక కొట్టారు. మాకు చప్పట్లంటే అవే. నా పప్పు గిన్నెలు కూడా అదిరాయి. రాపోల్డ్ గారు మూడో కంపెనీకి పని ఇస్తామన్నారు. వాళ్ళు వాల్‌బుర్గ నంబర్లకి తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌ని ఎంతైనా మారుస్తామని ముందే తలూపారు. అమ్ముకునేవాడు దేనికైనా తలూపుతాడు. ప్లేటు తిరిగి ఇవ్వడానికొచ్చిన ల్యూర్స్, "మనం సాఫ్ట్‌వేర్ కొనట్లేదమ్మా, మన అలవాటుకి కొత్త చొక్కా కుట్టించుకుంటున్నాం," అని నాతో అని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి బ్రేమెన్‌కే వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు.

చొక్కా కుట్టడం మొదలైంది. అది ఎప్పటికీ పూర్తి కాలేదు. అమ్మినవాళ్ళ మనుషులు వచ్చేవాళ్ళు, ఇక్కడ కత్తిరించి అక్కడ అతికేవాళ్ళు, నా సూపు తాగి వెళ్ళేవాళ్ళు. కంపెనీవాళ్ళు ఇతరులకి కొత్త వెర్షన్ పంపినప్పుడల్లా మాకది పట్టేది కాదు, మాది అన్నిచోట్లా కుట్లేసిన సరుకు కదా. అయినా వాల్‌బుర్గ తృప్తిగానే ఉండేది. తెర మీద తన నంబర్లు పెద్ద అక్షరాల్లో కనపడేవి.

ఒక్క సంగతి మాత్రం ఆమె అందరికన్నా ముందే గ్రహించింది, ఎవరికీ చెప్పలేదు. లోహం మారితే నంబరు మారాలి. నంబరు మారితే ఆ భాగం ఉన్న ప్రతి యంత్రం జాబితా, ప్రతి భాషలో విడి భాగాల పుస్తకం, అన్నీ మారాలి. పాతరోజుల్లో అది ఆమె రబ్బరుతో చెరిపి దిద్దే పని. ఇప్పుడు దానికి అమ్మినవాళ్ళ మనుషులు రావాలి, వాళ్ళు వారాల తరబడి రారు. ఆమె గెలుచుకున్న సాఫ్ట్‌వేర్‌లో నిజం చెప్పడం అన్నిటికన్నా నెమ్మదైన పని అయిపోయింది.

మ్యూనిక్ ప్రదర్శనకి కొత్త యంత్రాలు పంపాల్సిన వేళకి స్టెయిన్‌లెస్ రేకు దొరకలేదు. పిండి గీరే పలకని మామూలు ఉక్కుతో చేసి పైన పూత వేద్దామన్నారు డిజైన్ వాళ్ళు. పూత మంచిదే, రొట్టెకి పనికొచ్చేదే, కాకపోతే ఘాటైన మందులతో కడగకూడదు. రాపోల్డ్ గారు స్వయంగా ఆమె గదికి వచ్చారు. ఆమె వద్దంది. ఆయన కూర్చున్నారు. ఆయన కూర్చోవడం ఆ గదిలో ఎప్పుడూ జరగలేదు.

"హేఫెలె గారూ, కొత్త నంబరు వచ్చేసరికి ప్రదర్శన అయిపోతుంది. తెరలో లోహం దగ్గర నిజమే రాద్దాం. నంబరు ఒక్కటీ పాతదే ఉంచండి. సాఫ్ట్‌వేర్ వాళ్ళు రాగానే మార్చేద్దాం."

ఆమె తెరలో 'పూత వేసిన ఉక్కు' అని రాసింది. నంబరులో స్టెయిన్‌లెస్ స్టీలు అంకె అట్లాగే ఉంచి సంతకం పెట్టింది. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. ఆ తరవాత ప్రతి సోమవారం అమ్మినవాళ్ళకి ఫోన్ చేసింది. వాళ్ళు వస్తామంటూనే ఉన్నారు.

ఆస్ట్రియాలో ఒక రొట్టెల దుకాణం యజమాని గెబ్‌హార్ట్‌కి ఫోన్ చేశాడు, యంత్రంలో పిండి ఎండిపోయి గట్టిపడింది, కాస్టిక్ సోడాతో కడగొచ్చా అని. గెబ్‌హార్ట్ కారులో ఉన్నాడు.

"పలక మీద నంబరు చదవండి," అన్నాడు. యజమాని చదివాడు. "స్టెయిన్‌లెస్ కదా, మీ అత్తగారినైనా దాంతో కడగొచ్చు," అన్నాడు.

పూత పెచ్చులు పెచ్చులుగా లేచి పిండిలో కలిసింది. పిల్లల బడికి వెళ్ళిన రొట్టెల్లో నల్లటి పలుకులు దొరికాయి. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం. కానీ ఆ రకం యంత్రాలన్నిటినీ వెనక్కి పిలవాల్సొచ్చింది, పత్రికల్లో పడింది.

పై అంతస్తులో గెబ్‌హార్ట్‌ని పిలిచి ఒకటే అడిగారు. తెరలో పూత అని స్పష్టంగా ఉంది, ఎందుకు చూడలేదు?

"ఎందుకు చూడాలి? నంబరు చెబుతోందిగా."

"నిబంధన ప్రకారం తెర చూసే జవాబు చెప్పాలి."

"ఏ నిబంధన? క్యాంటీన్‌లో నన్ను నిలబెట్టి నంబరు చదివించి మీరే బల్లలు కొట్టారు."

అది నిజమే, కానీ నిజం ఆ పూట వాళ్ళకి పనికిరాలేదు. ఉద్యోగుల సంఘం మధ్యలోకొచ్చి కొంత సొమ్ము ఇప్పించి, ఎక్కడా నోరు విప్పనని రాయించి, అతన్ని మర్యాదగా పంపించేసింది.

వాల్‌బుర్గ పైకి వెళ్ళి సంతకం తనదని చెప్పింది. ఇది నాకు ఆమె నోటే తెలుసు, నమ్ముతున్నాను, ఎందుకంటే ఆ వాక్యం చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు. లాయరు కూడా ఉన్నాడట ఆ గదిలో. "మీరు ఇంక కొద్ది కాలంలో రిటైరవుతారు హేఫెలె గారూ, ఈ సంగతి ఇక్కడే ఉంచుదాం," అన్నారట. ఆమె ఉంచింది. తప్పు అంకె రాసిన ఇంజనీర్లని వరండాలో కడిగిన మనిషి నోరు మూసుకుని మెట్లు దిగి, నా దగ్గర కాఫీ తీసుకుని, చక్కెర వేసుకోకుండానే చెంచాతో కలిపింది.

గెబ్‌హార్ట్ ఇప్పుడు మా వీధి చివర గడ్డి కోసే మిషన్లు బాగుచేస్తాడు. అతనికి ఆమె మీద కోపం ఉంటే బాగుండేది. లేదు. ఉదయం రొట్టెల కోసం వరసలో నిలబడినప్పుడు రాసిచ్చిన మాట లెక్కచెయ్యకుండా అందరూ వినేలా అంటాడు: "ఆ సంతకం వాల్‌బుర్గ పెట్టి ఉండదయ్యా. దాని వెనకాల చేసేశారు. అది బతికుండగా అబద్ధం నంబరా?" ఆమె కనపడితే వీధి అవతల నుంచి టోపీ ఎత్తుతాడు. ఆమె ఆ వీధిలోంచి రావడం మానేసి చర్చి చుట్టూ తిరిగి ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. మంచులో కూడా.

వెనక్కొచ్చిన యంత్రాలతో ఫ్యాక్టరీ నడుం వంగింది. రాపోల్డ్ గారు ఒక పెద్ద కంపెనీకి అమ్మేశారు. వాళ్ళకి సొంత సాఫ్ట్‌వేర్ ఉంది, ఏ మార్పూ లేకుండా పెట్టెలోంచి తీసినట్టే వాడతారు. నంబర్లు మూగవి. మా పాత నంబర్లన్నిటికీ ఎదురుగా కొత్త మూగ నంబర్లు రాసే పని వాల్‌బుర్గకి ఇచ్చారు, ఇంకెవరికీ అవి చదవడం రాదు కనక. జీవితమంతా పేర్లు పెట్టిన మనిషి కూర్చుని ఒక్కొక్కటే చెరిపింది. ఫిర్యాదు చెయ్యలేదు. ఎవరైనా జాలి చూపించబోతే, "మీ పని చూసుకోండి, మీ డ్రాయింగుల్లో కొలతలు ఇప్పటికీ తప్పే," అనేది.

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక, నేను కుర్చీలు బల్లల మీదికి ఎత్తుతుంటే వచ్చింది. కోటు వేసుకునే ఉంది.

"ఆ పలక దాకా వచ్చాను," అంది.

"ఏ పలక?" అన్నాను, తెలిసే.

"కొత్త సాఫ్ట్‌వేర్ లోహం ఏంటో రాయమంటోంది. పాత నంబరు ప్రకారం రాయనా, నిజం ప్రకారం రాయనా అని కొత్త కంపెనీ అమ్మాయిని అడిగాను. 'నంబరుకీ దీనికీ సంబంధం ఏంటండీ' అంది. మంచి పిల్ల. దానికి అర్థమే కాలేదు."

"రాశావా?"

"నిజమే రాశాను. ఇప్పుడు రాస్తే ఎవడిక్కావాలి."

నేను కాఫీ పోయబోయాను. వద్దంది.

"ఓటిలీ, నువ్వు గెబ్‌హార్ట్ వీధిలోనే కదా ఉంటావు."

"ఉంటాను. నీకూ కాళ్ళున్నాయి."

"ఉన్నాయి. చర్చి దాకా వస్తాయి, అక్కణ్ణుంచి మళ్ళిపోతాయి." కోటు గుండీ పెట్టుకుంది, విప్పింది. "నువ్వెళ్ళి చెప్పు. సంతకం నాదే అని. రాపోల్డ్ అడిగాడనీ, మ్యూనిక్ అనీ, సోమవారం సోమవారం ఫోన్ చేశాననీ ఏమీ కలపకు. క్షమించమని అసలే అడక్కు. వాళ్ళావిడ కూడా వినేలా చెప్పు, రేపట్నుంచి రొట్టెల వరసలో నన్ను వెనకేసుకు రాకుండా. చెప్పి వచ్చెయ్. కాఫీ తాగమంటారు, కూర్చోకు."