మామ ప్రోగ్రాం కేకు

మా మామను నేను ఒకసారి కేకు మీద చంపేశాను. కంగారుపడకండి, ఆయన నిక్షేపంగా ఉన్నారు. ఇప్పుడు కూడా వసారాలో కూర్చుని, నేనేం రాస్తున్నానో కనుక్కోవడానికి పదేపదే దగ్గుతున్నారు. కానీ ఆ సాయంత్రం మా ఇంట్లో ఆయనకు దక్కిన ఏడుపు, నిజంగా పోయినవాళ్లకు కూడా దక్కదు.

ఫొటో కేకులు మా వనపర్తికి కొత్తగా వచ్చిన రోజులవి. మామ గుండెకు స్టెంటు వేసి హైదరాబాదు దవాఖాన నుంచి ఇంటికి పంపారు. ఇక భయం లేదన్నారు డాక్టర్లు. వాళ్లకు లేకపోతే ఏం, మామకు ఉంది కదా. కుక్క ఏడిస్తే నాడి పట్టుకుని చూసుకునేవారు. వీధిలో టెంటు వేస్తే, పెళ్లికా లేక ఇంకోదానికా అని మనిషిని పంపి కనుక్కునేవారు. నవ్వడం మానేశారు, గడప దాటడం మానేశారు. పుట్టినరోజు ఘనంగా చేస్తే ధైర్యం వస్తుందేమోనని ఇంట్లో అనుకున్నాం. కేకు సంగతి నేను చూసుకుంటానన్నాను. కోడలిగా నేను ఒక మాట అన్నాక మా ఇంట్లో ఇంకొకరు అనరు.

బస్టాండు దగ్గరి బేకరీ యాదగిరికి నేనంటే హడల్. పఫ్‌లో సగం గుడ్డే ఉంటే, మిగతా సగం కోడి దగ్గరే ఆగిపోయిందా అని నిండు దుకాణంలో నిలదీసినదాన్ని. రస్కు మెత్తబడిందని రుమాలు మడిచినట్టు మడిచి చూపించినదాన్ని. నేను మెట్లెక్కుతుంటే అతను మోగని ఫోన్ ఎత్తి మాట్లాడేవాడు.

"రేపు మా మామ ప్రోగ్రాం ఉంది" అని ఫోన్‌లో ఫొటో చూపించాను. స్టూడియోలో దిగిన పాత ఫొటో. అందులో మామ ఫొటోగ్రాఫర్ మీద పగబట్టినట్టు చూస్తుంటారు. మా దిక్కున ప్రోగ్రాం అంటే పెళ్లి, చెవులు కుట్టడం, పదకొండో రోజు, పార్టీ మీటింగు అన్నీ వస్తాయి. ఆ సంగతి ఆ పూట నాకు తట్టలేదు.

యాదగిరి ముఖం వాడిపోయింది. "అయ్యో. ఎప్పుడు మేడం?"

"చెప్తున్న గద, రేపు పొద్దుమీకి."

అతను నోరు తెరిచి, నన్ను చూసి, మూసుకున్నాడు. దుకాణదారును ఇలా దారిలో పెట్టుకోవాలి అని నాకు నేనే మెచ్చుకున్నాను.

ముఖం కేకంతా రావాలన్నాను. అలాగైతే రాతకు జాగా ఉండదన్నాడు. మామ ఎవరో మా ఇంటోళ్లకు తెల్వదా, రాతలెందుకు, అన్నాను. చుట్టూ ఏమైనా పెట్టమంటారా అని భయభయంగా అడిగాడు.

"పూలు పెట్టు. పచ్చగ, బంతిపూల లెక్క, నిండుగ."

"మీరెట్లంటె గట్ల" అని తల దించుకున్నాడు.

మర్నాడు సాయంత్రం చుట్టాలు చేరారు. మామ లోపల కొత్త అంగీ వేసుకుంటున్నారు. నేను టీపాయ్ మీద డబ్బా విప్పి, ఆయన వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉండాలని కేకు ముందు కొవ్వొత్తి వెలిగించాను. అందం కోసం ట్యూబ్‌లైటు కూడా ఆర్పాను. జనం మూగబోయారు. ఆహా, ఎంత ముచ్చటపడుతున్నారో అనుకున్నాను. అత్తమ్మ చెయ్యి పుస్తెల మీదికి పోయింది.

"ఏందే సుజాతా, మనిషి లోపల ఉండంగనె దండేసినవు?"

"దండ కాదత్తమ్మా, డిజైను."

"మరి ముంగట దీపం?"

కొవ్వొత్తికీ దీపానికీ తేడా ఏమిటో వివరించాను. కాలేజీలో డిబేటు ప్రైజులు నాకు ఊరికే రాలేదు. కానీ నేను ఖండించిన కొద్దీ కేకు మీది మామ మరింత స్వర్గస్థుడిలా కనబడసాగారు.

సరిగ్గా అప్పుడే మామ వాళ్ల అక్క బాలమ్మ కోడేరు బస్సు దిగి వచ్చింది. గడప ముందు చెప్పులు, లోపల చీకటి, చేతులు కట్టుకున్న జనం, నడుమ బంతిపూల మధ్య తమ్ముడి ముఖం. ఇక ఎవరిని మాత్రం ఏం అడగాలి? సంచి కింద పడేసి గుండె బాదుకుంది. తమ్ముడి కోసం తెచ్చిన సీతాఫలాలు టీపాయ్ కిందికి దొర్లాయి.

అత్తమ్మ పరుగున వెళ్లి పట్టుకుంది. "వదినా, ఆయన ఉన్నడు."

"ఉన్నడమ్మా, మన మనసుల ఉన్నడు" అని బాలమ్మ ఇంకా గట్టిగా శోకం ఎత్తుకుంది. పల్లెత్తు మాట అననివాడట. (మామ కేకలకు పక్క వీధి కుక్కలు లేచి నిలబడతాయి.) కడుపు మాడ్చుకుని పదిమందికి పెట్టినవాడట. "నన్ను బండి మీద అత్తగారింట్ల దించి, ఊరు దాటేదాంక ఏడ్చినోడివి కద రో తమ్ముడా" అన్నప్పుడు మాత్రం నేనూ కొంగుతో కళ్లు ఒత్తుకున్నాను. ఎందుకు ఏడుస్తున్నామో మర్చిపోయి సగం గది ముక్కులు చీదింది.

మామ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. అంగీ గుండీలు సగమే పెట్టుకున్నారు. కేకును చూశారు, కొవ్వొత్తిని చూశారు. నా కళ్ల ముందు ఆ స్టెంటు తిరిగింది. అయిపోయింది, ఈసారి నిజంగానే చంపాను అనుకున్నాను.

"అక్కా," అన్నారు మామ మెల్లగా. "నేను గంత మంచోన్నా?"

బాలమ్మ ఏడుపు నోట్లోనే ఆగిపోయింది. దగ్గరికొచ్చి, మనిషో కాదో తేల్చుకోవడానికి వీపు మీద ఒకటి చరిచింది. మామ నవ్వారు. దవాఖాన నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఆపకు. బండి కాడ ఉంటివి, మిగిలింది గూడ ఏడ్వు. నా సావెట్లుంటదో సూసిన, మంచిగనె ఉన్నది. ఇగ భయమేంది?"

ఆయన ముఖం మీద కత్తి పెట్టడానికి మాలో ఎవరికీ చేతులు రాలేదు. ఆయనే కోసుకుని, ముందుగా తన మీసం తిన్నారు.

తెల్లారగానే బేకరీ మీదికి యుద్ధానికి వెళ్లాను. పుట్టినరోజు కేకుకు దండ వేస్తావా అని అడిగాను.

"పుట్టినరోజని మీరనలే మేడం. ప్రోగ్రాం అంటె పెద్దాయన పోయిండనుకున్న. సదువుకున్నోళ్లు, దినాలకు గూడ కేకు కోస్తరేమో అని."

"అట్లయితె ఎప్పుడని ఎందుకడిగినవు?"

"ఎప్పుడు పోయిండని అడిగిన. రేపు పొద్దుమీకి అన్నరు."

"రేపు పోతడని ఎవరన్న ఈ రోజు చెప్తరా? మల్ల అడగొద్దా?"

"మీతోని వాదన ఎవరు పెట్టుకుంటరు మేడం? మీరు పోతడంటె పోతడేమో అనుకున్న."

కాలేజీలో గెలిచిన డిబేటు ప్రైజులన్నీ మనసులోనే యాదగిరికి అప్పగించాను. అక్కడే, ఆ రస్కుల సీసాల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: బతికున్న మనిషి ముఖాన్ని ఇక మీదట మైదాపిండి మీదికి ఎక్కించను, ప్రోగ్రాం అనే మాట నోట పలకను. ఆ ఒట్టును నేటికీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను, మామ పుట్టినరోజు నాడు తప్ప. ఆయనకు ఏటేటా అదే ఫొటో, అవే బంతిపూలు కావాలి. కోడేరు నుంచి అక్క వచ్చి కడుపారా ఏడ్చేదాకా కేకు ముట్టరు.